తలుపులు మూసిన కాలపు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు వత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుపునపుడు, చేరిన పుస్తకములెన్ని, చదివిన చందాదారులెందఱు అని చెప్పుకొనుట ఆచారము. ఆ లెక్కలు కార్యదర్శిగారి నివేదికలో వచ్చును. అయితే ఈ ఇరువదియైదేండ్లలో పుస్తకములు బీరువాలలోనే యుండి, చదువరులు ఇండ్లలోనే యుండి, నడుమ తాళము వ్రేలాడిన దినములును గలవు. ఆ దినముల లెక్కను వ్రాసి పెట్టినవారు అరుదు. వ్రాయని లెక్క మూడేండ్లలో మఱపున బడును. మఱచిన లెక్క ముప్పదియేండ్లలో కట్టుకథ యగును. కావున కరోనా కాలపు గ్రామజీవనమును ఖర్చు, జమ, నిలువ అను మూడు పద్దుల క్రింద విచారించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా తేదీలు. భారతదేశమున మొదటి కరోనా రోగము 2020 జనవరి 30న కేరళలో నిర్ధారణ యయ్యెను. ప్రపంచారోగ్య సంస్థ మార్చి 11న దానిని విశ్వమారిగా పేర్కొనెను. మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ జరిగెను. ఆ సాయంకాలము జనులు వాకిళ్ళలో నిలిచి చప్పట్లు చఱచిరి, పళ్ళెములు మ్రోగించిరి. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టెలివిజనులో మాటలాడి, అర్ధరాత్రినుండి దేశమంతయు మూతపడునని ప్రకటించెను. నడుమ వ్యవధి నాలుగు గంటలు. తెల్లవాఱిన ఉగాది. వేపపూతకై చెట్టువద్దకు పోవుటకును జంకిన ఉగాది యది. పంచాంగ శ్రవణము దేవాలయ మంటపమున వినువారు లేరు. వచ్చిన సంవత్సరము పేరు శార్వరి. శార్వరి యనగా రాత్రి. అరువదియేండ్ల చక్రములో ఆ పేరు తన వంతుకు తాను వచ్చినదే గాని, ఎవరును ఎంచి పెట్టినది కాదు. అయినను ఆ యేడు ఆ పేరు విన్నవారికి మనస్సు కలుక్కుమనక మానలేదు. ఇరువదియొక్క దినములనిన మూత నాలుగు విడతలుగా సాగి, మే 31 నాటికి 68 దినములయ్యెను.

ఇక ఖర్చు పద్దు.

మొదటి వారమున ఆంధ్ర తెలంగాణములలో అనేక గ్రామములవారు పొలిమేరలయందు ముళ్ళకంపలు అడ్డము వైచిరి. రోగము బయటినుండి వచ్చునను భయము సహజమే. కాని కంపకు ఆవల నిలిచినవాడు తఱచుగా ఆ యూరి బిడ్డయే. హైదరాబాదులో వసతిగృహములు ఖాళీ చేయించగా బయలుదేఱిన యువకులెందఱో అప్పటి కృష్ణా జిల్లా గరికపాడు తనిఖీ కేంద్రమువద్ద సరిహద్దు దాటలేక గంటల కొలది నిలిచిపోయిరి. చేరినవారిని పాఠశాల భవనములలో పదునాలుగు దినములుంచిరి. పండుగకు రమ్మని పిలిచిన తల్లి, కిటికీ అవతల నిలిచి అన్నపు గిన్నె గట్టుమీద పెట్టి వెడలుట ఆ వేసవిలో సామాన్య దృశ్యము.

దూరదేశమున చిక్కినవారి కష్టము మఱింత. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాతునందలి వెరావలు రేవులో పడవలమీదనే వారములు గడిపి, ఏప్రిలు చివరను బస్సులలో స్వస్థలములకు బయలుదేఱిరి. తెలంగాణములో కట్టడముల పనికి వచ్చిన ఉత్తరాది కూలీలకై దేశములోని మొట్టమొదటి శ్రామిక రైలు మే 1న లింగంపల్లినుండి జార్ఖండునందలి హటియాకు సాగెను. అది సాగునప్పటికి మూత మొదలై అయిదు వారములు దాటినది. ఆ లోపల నడచినవారు నడచిరి. ములుగు జిల్లా మిరపచేలలో కాయలు కోయుటకు వచ్చిన పండ్రెండేండ్ల బాలిక యొకతె, బస్తరు ప్రాంతమునందలి తన యూరికి అడవిదారిని మూడు దినములు నడచి, ఇల్లు చేరుటకు కొంచెము దూరమున ప్రాణము విడిచెను. తెలుగువారు తినెడి కారములో అట్టి చేతుల కష్టము గలదు. ఈ ఖర్చును ఏ యూరివారును తమది కాదనరాదు.

రైతు సంగతి చూడుడు. చేలు కోతకు వచ్చిన సమయమది. వ్యవసాయ పనులకు ప్రభుత్వము త్వరలోనే మినహాయింపు నిచ్చినను, కోతయంత్రము నడుపువాడు పొరుగు రాష్ట్రమున నిలిచిపోయెను, గోనెసంచులు చాలలేదు, గుంటూరు మిరపయార్డు మూతపడెను. అరటి, టమాట, పుచ్చకాయ మొదలగునవి మిరపవలె దాచుటకు వీలుగానివి. కొనువాడు లేక చేనిలోనే దున్నివేసినవారు కలరు. పండిన పంటను కన్నులయెదుట మట్టిలో కలుపుట రైతునకు కఱవుకన్న కష్టము. కఱవులో దైవమును నిందించి యూరటపొందవచ్చును. ఇక్కడ నిందించుటకు ఎవరును కానరారు.

చిన్న కష్టములును లెక్కకు రావలెను. క్షౌరశాలలు మూతపడగా ఊరి మగవారందఱును ఋష్యాశ్రమవాసులవలె జటలు గడ్డములు పెంచిరి. టీ దుకాణము బల్ల ఖాళీ యయ్యెను. వైశాఖమునకు కుదిరిన వివాహములు కొన్ని వాయిదా పడెను; కొన్ని పదిమంది నడుమ, మాస్కులు కట్టుకొనిన వధూవరులతో ముగిసెను. మార్చి 28నుండి దూరదర్శనులో రామాయణము మరల ప్రసారమగుచుండగా ఇంటిల్లిపాదియు చేరి చూచిరి. కాని ఏప్రిలు 2న భద్రాచలమున సీతారాముల కల్యాణము భక్తజనము లేకయే జరిగినది. తిరుమలలో మార్చి 20నుండి నిలిచిన సామాన్యుల దర్శనము జూను రెండవ వారమున గాని మొదలు కాలేదు. పురుషులకు అది బలవంతపు విశ్రాంతి. స్త్రీలకు మాత్రము పని రెట్టింపు. ఇంటనున్న ప్రతివాడును గంటకొకమాఱు ఏదో యడుగుచుండ, పొయ్యి యారక, సంపాదన లేక, విసుగంతయు వంటయింటిమీదికే చేరినది. ఈ పద్దు ఏ పత్రికయందును పెద్ద యక్షరములతో రాలేదు.

పిల్లల చదువు మఱొక ఖర్చు. ఆ యేడు ఉభయ రాష్ట్రములలోను పదవ తరగతి పరీక్షలు రద్దయ్యెను. టెలివిజనులోను, స్మార్టు ఫోనులోను పాఠములు వచ్చినవి. ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు. తండ్రి పనికి పోవుచు దానిని వెంటగొనిపోవును. సిగ్నలుకై చెఱువుకట్ట యెక్కి కూర్చున్న పిల్లలు చాలమంది. అక్షరములు నేర్చు ఈడున బడికి దూరమైన పిల్లలు తరువాత పై తరగతులకు పోయినను, చదువునప్పుడు తడబడుట ఉపాధ్యాయులందఱు ఎఱిగినదే. గ్రంథాలయము తెఱచియున్నచో కొంత పూడియుండెడి లోటది. దానికిని తాళమే.

అన్నిటికన్న పెద్ద ఖర్చు 2021 ఏప్రిలు మే నెలలది. దేశమున ఒక్కదినమునకే నాలుగు లక్షలకు పైగా క్రొత్త రోగులు తేలిన కాలమది. ఆంధ్రప్రదేశమున మే 5నుండి మధ్యాహ్నము పండ్రెండు దాటిన కర్ఫ్యూ. తెలంగాణమున మే 12నుండి ఉదయము ఆఱు మొదలు పదివఱకే వెలుపలికి వచ్చు వీలు. మొదటి యేడు పట్టణములలో వినిన వ్యాధి రెండవ యేడు పల్లెల గడప త్రొక్కినది. జ్వరము వచ్చినవాడు టైఫాయిడని చెప్పుకొని సెలైను ఎక్కించుకొనుచు మూడు నాలుగు దినములు పోగొట్టుకొనెను. ఆక్సిజను తగ్గిన తరువాత పట్టణమునకు పరువెత్తెను. అక్కడ మంచము దొరకలేదు. మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున నాటుమందు నిచ్చుచున్నారని వినగానే వేలమంది గుమిగూడిరి. గుంపే రోగమునకు దారియని తెలిసియు వచ్చిన ఆ జనమును మూఢులని త్రోసివేయుట సులభము. ఆసుపత్రిలో మంచమును, సిలిండరులో గాలియు దొరకనప్పుడు మనుష్యుడు ఏ ఆశనైన పట్టుకొనును.

మరణించినవారికి నలుగురు మోయువారు కరవైరి. బంధువులు దూరమునుండి చూచి మరలిరి. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు, స్వచ్ఛందముగ వచ్చిన కొందఱు యువకులు ఆ పని చేసిరి. ఎవరిని నిత్యము అంటరాదని ఊరు వెలివాడలో నుంచినదో, వారిలోనివారే కడసారి చేయి వేసిరి. ఈ సంగతిని సభలో చెప్పుటకు సంకోచింపరాదు.

ఇచ్చట ఒక సందేహము తీర్చుకొనవలసియున్నది. మడి, అంటు అను పూర్వాచారములు ఈ రోగముతో సమర్థింపబడినవని కొందఱు పెద్దలు గర్వముతో పలికిరి. చేతులు కడుగుకొనుట మంచిది. అది ఏ కాలమునకైన మంచిదే. కాని రోగమునకు దూరముండుట వేఱు, మనుష్యునకు దూరముండుట వేఱు. రోగదూరము అందఱికిని సమానము. పదునాలుగు దినములకు తీరును. కోలుకొనినవానిని మరల దగ్గరకు తీయును. అస్పృశ్యత పుట్టుకతో వచ్చి చావుతోను పోదు. మొదట 'సామాజిక దూరము' అను మాట వాడి, పిమ్మట ప్రపంచారోగ్య సంస్థయే 2020 మార్చిలో 'భౌతిక దూరము' అనుటకు మొగ్గుచూపినది. శరీరములు ఎడముగా నుండవలెను గాని సంఘము విడిపోరాదని దాని భావము. కోలుకొనిన రోగి యింటికి నెలల కొలది పాలుపోయక, నీళ్ళు పట్టుకొననీయక బాధించినవారు ఈ భేదమును ఎఱుగరైరి.

ఇక జమ పద్దు.

బియ్యము వచ్చినది. 2020 ఏప్రిలునుండి కేంద్ర ప్రభుత్వము మనిషికి నెలకు 5 కిలోల వంతున ఉచితముగ నిచ్చెను. తెలంగాణమున మొత్తము 12 కిలోలును, కార్డునకు 1,500 రూపాయలును. ఆంధ్రప్రదేశమున కుటుంబమునకు 1,000 రూపాయలును ముట్టెను. పట్టణమునుండి తిరిగివచ్చినవారు ఉపాధి హామీ పనిలో పలుగు పాఱ పట్టి చెఱువుల పూడిక తీసిరి. ఆశా కార్యకర్తలు ఇంటింటికి తిరిగి జ్వరము పరిశీలించిరి. తమ యింట పసిపిల్లలుండియు, ప్రతి గడపను త్రొక్కిన స్త్రీలు వారు. కూరగాయలు పంచినవారు, బాటసారులకు రహదారిపై అన్నము పెట్టినవారు పేరు చెప్పుకొనక పోయిరి. పేరులేని జమయు జమయే.

జమలో పెద్దది టీకా. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, మార్చి 1న అరువది దాటినవారికి, ఏప్రిలు 1న నలువదియైదు దాటినవారికి, మే 1న పదునెనిమిది నిండినవారికి అది విస్తరించినది. పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన కోవిషీల్డు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిను ప్రధానముగ వాడిన టీకాలు. అది చేతికి అందువఱకు పడిన యిబ్బందియు తక్కువ కాదు. కోవినులో పేరు నమోదు చేయవలెను. ఫోనుకు ఓటీపీ వచ్చులోపల ఖాళీలు నిండిపోవును. పట్టణపు యువకులు పల్లెకేంద్రములలో స్థానము సంపాదించి కారులలో వచ్చి వేయించుకొని పోవుదురు. ఆ యూరి వృద్ధుడు అరుగుమీద కూర్చుండి చూచును. కోవిషీల్డు సీసాలో పదిమందికి మందుండును. మూత తెఱచిన నాలుగు గంటలలో ముగింపవలెను. కావున పదిమంది పోగగువఱకు నిరీక్షణ. దాని రెండు మోతాదుల నడుమ గడువు మొదట నాలుగు మొదలు ఆఱు వారములు, మార్చిలో ఆఱు మొదలు ఎనిమిది, మే 13నుండి పండ్రెండు మొదలు పదునాఱు వారములు. తేదీ చీటి పట్టుకొని వచ్చిన అవ్వను, ఇప్పుడు కాదని వెనుకకు పంపుట. ఆమె, ఈ మందుమీద వీరికే నమ్మకము లేదని వీథిలో చెప్పుట. మార్పునకు వైద్యకారణము కలదు. కాని దానిని విడమఱచి చెప్పువాడు పల్లెలో లేడు. ముందు నమోదు లేకయే పదునెనిమిది నిండిన ప్రతివారికిని ఉచితముగ వేయుట జూను 21నుండి సాగిన పిదపనే ఈ తొక్కిసలాట తగ్గినది.

వదంతుల మాట చెప్పవలెను. సూది వేయించుకొనిన మగతనము పోవుననియు, రెండేండ్లకు మరణింతురనియు ఫోనులలో వార్తలు తిరిగినవి. వానిని గెలిచినది ప్రకటన కాదు, పరిచయము. "జ్వరమొస్తే రేపు పొద్దున్నే నేనే వచ్చి చూస్తాగా అమ్మమ్మా, రా, నేనుగూడా వేయించుకున్నా" అని ఆశా కార్యకర్త చేయి పట్టుకొనిన తరువాత కదలిన వృద్ధురాండ్రు ఎందఱో. నిజము దాచనవసరము లేదు. టీకా వలన ఒకటి రెండు దినములు జ్వరము, చేయినొప్పి సామాన్యము. కోవిషీల్డు జాతి టీకాతో మిక్కిలి అరుదుగా రక్తము గడ్డకట్టుట సంభవించునని 2021లోనే వైద్య నియంత్రణ సంస్థలు తెలిపినవి. వేయించుకొనినవారికిని రోగము రావచ్చును. కాని ప్రాణముమీదికి వచ్చుట మిక్కిలి తగ్గును. ఈ మూడు మాటలును కలిపి చెప్పుటయే సత్యము. మశూచి మచ్చలు గల పెద్దలు ఒకప్పుడు ప్రతి యూర కనబడుచుండిరి. ఇప్పటి పిల్లలు అట్టి ముఖము నెఱుగరు. 1977లో భారతదేశము, 1980లో ప్రపంచము ఆ వ్యాధినుండి విముక్తమైనవని ప్రకటించుటకు టీకాయే కారణము. 1897లో బొంబాయి ప్లేగునాడు హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు తన టీకాను మొదట తన శరీరముననే పొడిపించుకొనెను. అప్పుడును జనులు జంకిరి. అప్పుడును తాము ముందు వేయించుకొని చూపినవారివలననే జంకు తగ్గినది. 2021 అక్టోబరు 21 నాటికి దేశమున 100 కోట్ల మోతాదులు పూర్తియయ్యెను.

మహాభారతమున ఆదిపర్వకథ యొకటి ఈ సందర్భమునకు తగియున్నది. శృంగి శాపముచే ఏడు దినములలో తక్షకుని కాటునకు గుఱికావలసిన పరీక్షిత్తు ఒంటి స్తంభపు మేడ కట్టించుకొని, వైద్యులను చుట్టునుంచుకొని, ఎవరిని చేరనీయక యుండెను. ఇదియే గృహనిర్బంధము. అయినను పండులో పురుగై తక్షకుడు చేరెను. కావలి కొంత కాపాడును గాని, కావలియొక్కటియే చాలదు. ఆ విషమునకు విఱుగుడు తెలిసిన కాశ్యపుడు రాజువద్దకు బయలుదేఱెను. తక్షకుడు త్రోవలో ఎదురై ఒక వటవృక్షమును కాటువేసి భస్మము చేయగా, కాశ్యపుడు దానిని మరల చిగురింపజేసెను. విద్య నిజమైనదని తేలినది. అంతట తక్షకుడు ధనమిచ్చి అతనిని వెనుకకు మరలించెను. మందు లేక రాజు చావలేదు. మందు త్రోవలో మరలిపోయినందున చచ్చెను. వదంతియు, లంచమును, నిర్లక్ష్యమును, దూరమును ఆ త్రోవలో నిలుచు తక్షకులే.

ఆ కథలో చాలమంది గమనింపని మనుష్యుడు ఒకడు కలడు. కట్టెలకై ఆ చెట్టెక్కిన సామాన్యుడొకడు చెట్టుతో కూడ కాలి, చెట్టుతో కూడ బ్రతికి, చూచినది ఊరిలో చెప్పెను. వాడు చెప్పకున్నచో ఆ రహస్యము జనమేజయుని చెవికి సోకియుండెడిది కాదు. రాజుల చరిత్రకు ఒక కట్టెలవాడు సాక్షి యయ్యెను.

ఇక నిలువ. ఈ సాక్ష్యమే నిలువ పద్దునకు ముఖ్యము.

1918లో వచ్చిన విషజ్వరమున భారతదేశమున కోటికి పైగా చనిపోయిరని అంచనా. 1911 జనగణనకన్న 1921 జనగణనలో దేశ జనసంఖ్య తగ్గినది. జనగణన చరిత్రలో అట్లు తగ్గుట ఆ యొక్క దశాబ్దముననే. అంత మారణమును గూర్చి గ్రామములలో మిగిలిన జ్ఞాపకము ఎంత? మిక్కిలి స్వల్పము. కరోనా విషయమునను అట్లే కానున్నది. ప్రభుత్వ లెక్క ప్రకారము దేశమున మరణించినవారు 5 లక్షల 30 వేలకు పైచిలుకు. 2020, 2021 సంవత్సరములకు అధిక మరణములు 47 లక్షలని ప్రపంచారోగ్య సంస్థ 2022లో అంచనా కట్టగా, భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. ఈ రెండు సంఖ్యల నడుమ గల అగాధమును పూడ్చునది వాదము గాదు. పల్లెపల్లెయందలి జనన మరణముల రిజిస్టరు. మరణమును 21 దినములలోపల తెలుపవలెనని 1969 నాటి చట్టము చెప్పుచున్నది. పరీక్షయే జరుగక ఇంటనే కన్నుమూసినవారి పేర్ల యెదుట కారణపు గడిలో జ్వరమనియో, వృద్ధాప్యమనియో పడినది. కొన్ని పేర్లు అసలు పడలేదు. కరోనా మృతుల కుటుంబములకు 50,000 రూపాయల సాయము 2021లో నిర్ణయమైనపుడు, పరీక్షపత్రము లేని ఇల్లాలు అడుగుటకే నోరు లేనిదయ్యెను. ఒక గడి సరిగా నింపకపోవుటవలన ఒక కుటుంబము నోటికాడి కూడు పోవునని అప్పుడు తెలిసినది.

ప్రపంచారోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితిని ముగించినది. తలుపులు తెఱచుకొన్నవి. ప్లవ సంవత్సరము, శుభకృత్తు గడచిపోయెను. ప్లవ యనగా పడవ. కృష్ణా కాలువలలో పడవమీద పుస్తకములను ఊరూరికి చేర్చిన గ్రంథాలయోద్యమము తెలుగువారిది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది మొదలు, గ్రంథాలయమనగా పుస్తకముల కొట్టు మాత్రమే గాక ఊరికి తెలివి నిచ్చు చోటని పెద్దలు తలంచిరి. మరల ఒక వ్యాధి వచ్చినచో, వదంతి ఫోనులో వచ్చులోపల నిజము గ్రంథాలయపు బల్లమీద ఉండవలెను. వైద్యాధికారి చెప్పిన మాటను తెలుగులో పెద్ద యక్షరములతో వ్రాసి తగిలించుట, చదువరానివారికి చదివి వినిపించుట, ఫోను లేనివారికి నమోదు చేసిపెట్టుట, తాళము వేయవలసివచ్చిన నాడు పుస్తకములను సంచిలో పెట్టి గడపకు చేర్చుట. ఇవి ఖర్చులేని పనులు. మనుష్యులు మాత్రము కావలెను.

మఱొక పని ఈ దినముననే మొదలుపెట్టవచ్చును. గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకము నుంచి, ఆ రెండేండ్లలో ప్రతి యింట జరిగినది ఆ యింటివారిచేతనే వ్రాయింపవలెను. ఎవరు పోయిరి, ఏ తేదీన, ఏ విధమున. ఎవరు అన్నము పెట్టిరి, ఎవరు మోసిరి. ఎవరికి ఎంత బాకీపడిరి, ఎవరి గడపను త్రొక్కక తప్పుకొనిరి. వ్రాయలేనివారు చెప్పగా చందాదారులు వ్రాయవచ్చును. పారిశుద్ధ్య కార్మికుల పేర్లును, ఆశా కార్యకర్తల పేర్లును మొదటి పుటలో నుండవలెను. పేరు తెలియని కూలీల కొఱకు ఒక పుట ఖాళీగ నుంచవలెను. పెద్దవారు కొందఱు ఇప్పటికే జ్ఞాపకము తప్పుచున్నారు; కావున పని త్వరపడవలసినది.